నెల్లూరు, ప్రకాశం రాళ్లతో జియాలజీ ఫీల్డ్‌వర్క్: రాయిని చూసి పేరు పెట్టే పద్ధతి, మొదటి నుంచి చివరి దాకా

డిగ్రీ మొదటి ఏడాది జియాలజీ విద్యార్థుల నుంచి మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్న ఒకటుంది: "ల్యాబ్ ట్రేలో రాయి పెడితే పేరు చెప్పేస్తాం. కొండ దగ్గరికి పోతే అన్నీ ఒకేలా కనిపిస్తున్నాయి. ఏం చేయాలి?"

ట్రేలో రాయి కడిగినది, పగలగొట్టినది, ఏరి తెచ్చినది. కొండ మీద రాయికి ఎండావానలకు మాగిన పెంకు ఉంటుంది, నాచు ఉంటుంది, ఎర్రమట్టి అంటుకుని ఉంటుంది. పైగా మనవాళ్లు ముందు పేరు ఊహించుకుని, తర్వాత దానికి తగ్గ లక్షణాలు వెతుకుతారు. తప్పులు ఎక్కువగా అక్కడే మొదలవుతాయి. కింది వరస తప్పకుండా పాటించండి. పేరు ఆఖరి మెట్టు మీదే రావాలి.

1. బయలుదేరే ముందు

కాలం చూసుకోండి. ఈ జిల్లాలకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. వాగులు పారుతుంటాయి, పాత గనుల గుంతల్లో నీళ్లు నిండి అంచులు జారుతుంటాయి. సంక్రాంతి దాటాక శివరాత్రి దాకా ఫీల్డ్‌వర్క్‌కు మంచి అదును. రోహిణి కార్తెలో మాత్రం కొండెక్కే ఆలోచన పెట్టుకోకండి.

మ్యాపు లేకుండా కదలకండి. పాత నంబర్ల ప్రకారం నెల్లూరు, గూడూరు, సైదాపురం 57 ఎన్ టోపోషీటులో (సర్వే ఆఫ్ ఇండియా వారి స్థలాకృతి మ్యాపు) వస్తాయి. మార్కాపురం, కనిగిరి, చీమకుర్తి 57 ఎమ్‌లో, ఒంగోలు పట్టణం 66 ఎ లో. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వారి భూకోష్ పోర్టల్లో శిలల మ్యాపు చూడొచ్చు. జిల్లాల గీతలు మారుతుంటాయి, వాటితో రాళ్లకు పని లేదు. కాబట్టి ఊరి పేరుతో వెతకండి, జిల్లా పేరుతో కాదు.

క్వారీ అయినా, మైకా గని పక్కన పోసిన రాళ్ల కుప్ప అయినా, పొలం అయినా ముందు అనుమతి తీసుకోండి. కాలేజీ లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం చేతిలో ఉంటే వాచ్‌మన్‌తో సగం మాటలు మిగులుతాయి.

2. సంచిలో ఉండాల్సినవి

- జియాలజీ సుత్తి, లేదా 800 గ్రాముల నుంచి కిలో దాకా బరువున్న మేస్త్రీ సుత్తి. వడ్రంగి సుత్తి వద్దు. గట్టి రాయి మీద దాని ఉక్కు పెచ్చులుగా ఎగిరి కళ్లలో పడుతుంది
- కళ్లద్దాలు. మామూలు చూపు అద్దాలు చాలవు, పక్కలు మూసుకునే సేఫ్టీ గాగుల్స్ కావాలి
- 10ఎక్స్ హ్యాండ్ లెన్స్, మెడలో తాడుకు కట్టి
- రాగి తీగ ముక్క, ఉక్కు మేకు లేదా చాకు, చిన్న పలుగు రాయి (క్వార్ట్జ్) ముక్క
- గ్లేజు లేని తెల్ల పింగాణీ పలక
- దారానికి కట్టిన అయస్కాంతం
- డ్రాపర్ సీసాలో 10 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం, 30 మి.లీ. చాలు
- క్లైనోమీటర్ (వాలు కోణం కొలిచేది) ఉన్న కంపాస్, ఫోన్‌లో జీపీఎస్
- గట్టి అట్ట నోట్‌బుక్, పెన్సిల్, పర్మనెంట్ మార్కర్, పాత దినపత్రికలు
- మనిషికి కనీసం 3 లీటర్ల నీళ్లు

పుస్తకాల్లో రాగి నాణెంతో గీకమని రాస్తారు. ఇప్పటి రూపాయి, రెండు రూపాయల బిళ్లలు స్టెయిన్‌లెస్ స్టీలువి, వాటితో గీకితే ఫలితం పూర్తిగా తప్పు. కరెంటు వైరు తొక్క తీసిన రాగి తీగ వాడండి, దాని కాఠిన్యం సుమారు 3.

ఖనిజాన్ని రుద్ది గీత రంగు (స్ట్రీక్) చూసే ఈ పింగాణీ పలక దొరక్కపోతే తెల్ల మట్టితో చేసిన గోడ టైలును తిరగేసి వాడుకోవచ్చు. ఎర్రమట్టి టైలు పనికిరాదు, హెమటైట్ గీత దాని మీద కనిపించదు.

ఆమ్లాన్ని ల్యాబ్‌లోనే కలిపించుకోండి. 90 మి.లీ. నీటిలోకి 10 మి.లీ. గాఢ ఆమ్లం నెమ్మదిగా పోయాలి. నీటిని ఆమ్లంలో పోస్తే ఒక్కసారిగా వేడెక్కి ముఖం మీదికి చిమ్ముతుంది.

3. సుత్తి ఎత్తే ముందు: ఈ రాయి ఇక్కడిదేనా?

పది అడుగులు వెనక్కి నిలబడి చూడండి. రాయి నేలలోకి దిగి ఉందా, దొర్లి వచ్చిందా, లారీలో వచ్చిందా? రైలు పట్టాల కంకర, చెరువు కట్టకు పేర్చిన బండలు, రోడ్డు పక్కన మిగిలిపోయిన క్వారీ రాయి, ఇవేవీ ఆ ఊరి శిలలు కావు. మూడు నాలుగు చోట్ల ఒకే రాయి, ఒకే వాలుతో, నేలకు అతుక్కుని కనిపిస్తేనే అది అక్కడిదని రాసుకోండి.

పొలాల నడుమ శిల బయటపడని చోట బావి తవ్వి గట్టున పోసిన కుప్పలు చూడండి. మాగని రాయి అక్కడ దొరుకుతుంది. ఎంత లోతు నుంచి వచ్చిందో రైతును అడిగితే చెబుతాడు. బోరు వేసినప్పుడు పైకొచ్చిన పొడి, ముక్కలు కూడా పనికొస్తాయి గానీ వాటిలో పొరల వాలు తెలియదు.

ఈ దశలోనే ఒక బొమ్మ వేయండి. కొండ ఆకారం, పొరలు, పగుళ్లు, కొలతకు పక్కన ఒక మనిషి. ఫోటో తీశాం కదా అని బొమ్మ మానేస్తే కళ్లు సగమే చూస్తాయి.

4. తాజా ముఖం తీయడం

మూల లేదా అంచు ఎంచుకోండి. బండ నడిమధ్య ఎంత కొట్టినా సుత్తి ఎగురుతుంది, రాయి పగలదు. పక్కవాళ్లను కనీసం నాలుగు మీటర్ల దూరం జరపండి. పలుగు రాయి, క్వార్ట్‌జైట్ (రూపాంతరం చెందిన ఇసుకరాయి) పెచ్చులు బ్లేడులా ఎగురుతాయి.

పైపెంకునూ లోపలి ముఖాన్నీ రెండింటినీ వర్ణించి రాయండి. ఇనుము ఉన్న ఖనిజాలు పైన తుప్పు రంగులోకి తిరుగుతాయి. ఫెల్డ్‌స్పార్ తెల్ల సుద్దలా మెత్తబడుతుంది. గార్నెట్ రాలిపోయిన చోట గుంటలు మిగులుతాయి. పెంకు ఇచ్చే ఆధారాలు ఇవి. పరీక్షలు మాత్రం లోపలి ముఖం మీదే.

5. ఖనిజ పరీక్షలు, ఇదే వరసలో

*5.1 మెరుపు.* ముక్కను ఎండలో మెల్లగా తిప్పండి. లోహంలా మెరుస్తుందా, గాజులాగా, ముత్యంలాగా, మట్టిలాగా? రంగును ఇప్పుడే నమ్మకండి.

*5.2 కాఠిన్యం.* గోరు 2.5, రాగి తీగ 3, చాకు లేదా గాజు 5.5, పలుగు రాయి 7. గీకాక ఆ చోటును తడి వేలితో తుడిచి, లెన్స్‌తో గాడి పడిందా చూడండి. పలుగు మీద మేకు గీకితే బూడిద రంగు గీత వస్తుంది. అది మేకు అరిగిన పొడి, రాయి మీద గాడి కాదు. అలాగే ఇసుకరాయిని గీకితే గింజలు ఊడిపోతాయి, రాయి మెత్తదనిపిస్తుంది. గింజ ఊడటం వేరు, గింజ మీద గాడి పడటం వేరు.

*5.3 విరిగే తీరు.* సమతలంగా, ఒకే దిశలో మళ్లీ మళ్లీ విరిగితే క్లీవేజ్. ఎన్ని దిశలు, వాటి మధ్య కోణం ఎంత? హార్న్‌బ్లెండ్‌లో రెండు దిశలు 56, 124 డిగ్రీల్లో కలుస్తాయి. పైరాక్సిన్‌లో దాదాపు 90. స్ఫటికపు సహజ ముఖాన్ని క్లీవేజ్ అనుకోకండి: పగలగొడితే ముఖం మళ్లీ పుట్టదు, క్లీవేజ్ పుడుతుంది.

*5.4 స్ట్రీక్.* పలక కాఠిన్యం 6.5–7 దాకా ఉంటుంది. అంతకన్నా గట్టి ఖనిజం రుద్దితే వచ్చేది పలక పొడే, దాన్ని "తెల్ల స్ట్రీక్" అని రాయకండి. మ్యాగ్నటైట్ నల్లగా, హెమటైట్ ఎర్రని గోధుమ రంగులో, లిమోనైట్ పసుపు గోధుమ రంగులో గీస్తాయి.

*5.5 ఆమ్లం.* ఒక్క చుక్క చాలు. కాల్సైట్ వెంటనే నురగలు కక్కుతుంది. డోలమైట్ అయితే చాకుతో గీకి పొడి చేస్తేనే మెల్లగా పొంగుతుంది. నల్లరేగడి చేల దగ్గర ఇంకో మోసం ఉంది: నేలలో పుట్టిన సున్నపు పొర నైస్ (పట్టీలున్న రూపాంతర శిల) రాయి మీదా, పగుళ్లలోనూ తెల్లగా పేరుకుంటుంది. దాని మీద చుక్క వేసి నురగ చూసి, రాయి మొత్తాన్ని సున్నపురాయిగా రాసేసిన రికార్డు పుస్తకాలు చాలా ఉన్నాయి. తాజా ముఖం మీద వేయండి.

*5.6 సాంద్రత.* దీన్ని ఎక్కువమంది వదిలేస్తారు. వంటింటి డిజిటల్ త్రాసు ఉంటే చాలు, ఇంట్లోనే తేలుతుంది.

1. పొడి రాయిని తూచండి. 212 గ్రాములు అనుకుందాం.
2. నీళ్ల గిన్నెను త్రాసు మీద పెట్టి సున్నా చేయండి.
3. రాయిని దారానికి కట్టి, అడుగు, అంచు తగలకుండా నీటిలో పూర్తిగా ముంచి పట్టుకోండి. గాలి బుడగలు దులపండి.
4. త్రాసు చూపే అంకె 80 అయితే, 212ను 80తో భాగించండి: 2.65. పలుగు రాయి సాంద్రత అదే.

అదే బరువున్న మంగంపేట బెరైట్ ముక్కకు నీటి అంకె 47 దగ్గర వస్తుంది, అంటే 4.5. చిన్న ముక్కలతో ఈ పరీక్ష చేయకండి. 30 గ్రాముల పలుగుకు నీటి అంకె 11 మాత్రమే. త్రాసు ఒక్క గ్రాము అటూ ఇటూ అయితే సాంద్రత 2.5 నుంచి 3.0 దాకా ఊగుతుంది. 150 గ్రాములకు తగ్గకుండా, ఒకే ఖనిజం ఉన్న ముక్క తీసుకోండి.

6. మన దగ్గర తికమక పెట్టేవి

ఓపిక పెట్టాల్సింది ఇక్కడే. ఈ రెండు జిల్లాల్లో నేర్చుకున్న వాళ్లకు కొన్ని ఖనిజాలు మిగతా వాళ్లకన్నా బాగా తెలియాలి, అవి కాళ్ల దగ్గరే ఉన్నాయి కాబట్టి.

*పలుగు రాయి, ఫెల్డ్‌స్పార్.* గూడూరు, సైదాపురం వైపు మైకా గనుల కుప్పల్లో రెండూ తెల్లగా, పక్కపక్కనే పడి ఉంటాయి. సాంద్రత ఇక్కడ సాయం చేయదు, 2.65కూ 2.56కూ తేడా పట్టుకోవడం కష్టం. ఎండలో తిప్పి చూడండి: ఫెల్డ్‌స్పార్ ముఖం మొత్తం ఒక్కసారిగా తళుక్కుమంటుంది, ఇంకొంచెం తిప్పితే ఆరిపోతుంది. పలుగు వంకర టింకరగా, గుల్ల చిప్పలా విరుగుతుంది, ఎటు తిప్పినా అంతే. అనుమానం తీరకపోతే ఒకదాంతో ఒకటి గీకండి, గాడి పడేది ఫెల్డ్‌స్పార్. అది మరీ మెత్తగా ఉంటే మాగి కేయోలిన్‌గా (తెల్ల బంకమన్ను) మారుతోందని అర్థం, ఇంకో ముక్క వెతకండి.

*అభ్రకం, వర్మిక్యులైట్, క్లోరైట్.* ఊళ్లో కాకి బంగారం అని పిల్లలు ఆడుకునే అభ్రకం రేకును చాకుతో తీసి వంచి వదలండి. మస్కొవైట్, బయోటైట్ స్ప్రింగులా వెనక్కి వస్తాయి. వర్మిక్యులైట్, క్లోరైట్ వంగి అలాగే ఉండిపోతాయి. నెల్లూరు మస్కొవైట్ మందంగా ఉన్నప్పుడు ఆకుపచ్చ ఛాయ కొడుతుంది. రంగు చూసి క్లోరైట్ అని రాసేవాళ్లు చాలామంది. పల్చటి రేకు తీసి వెలుగుకు పట్టండి, దాదాపు రంగు లేకుండా కనిపిస్తుంది. వర్మిక్యులైట్‌కు తిరుగులేని పరీక్ష మంట: చిన్న రేకును పట్టకారుతో పట్టుకుని స్టవ్ మంటలో పెడితే పురుగులా సాగి ఉబ్బుతుంది.

*నల్లనివి నాలుగు.* పెగ్మటైట్‌లో (చాలా పెద్ద స్ఫటికాల అగ్నిశిల) నల్ల ఖనిజం కనబడగానే "టూర్మలిన్" అని రాయడం అలవాటైపోయింది. టూర్మలిన్ అయితే అడ్డకోత గుండ్రటి త్రిభుజంలా ఉంటుంది, పొడుగునా సన్నటి చారలు ఉంటాయి, క్లీవేజ్ ఉండదు. చాకు మొనకు రేకులుగా ఊడితే బయోటైట్. 56 డిగ్రీల క్లీవేజ్ ఉంటే హార్న్‌బ్లెండ్. ఏదీ కాకుండా, నల్లటి ముక్క చేతిలో అనుకున్నదానికన్నా బరువుగా ఉండి సాంద్రత 5 దాటితే అది సమర్‌స్కైట్ కావచ్చు. నెల్లూరు మైకా బెల్ట్‌లో అది దొరికిన దాఖలాలున్నాయి. అందులో యురేనియం, థోరియం ఉంటాయి, రేడియోధార్మికం. పగలగొట్టి పొడి చేయకండి, జేబులో వేసుకోకండి, హాస్టల్ గదిలో పెట్టుకోకండి. డబ్బాలో వేసి డిపార్ట్‌మెంటుకు అప్పగించి చేతులు కడుక్కోండి.

*షిస్ట్‌లో (రేకులుగా చీలే రూపాంతర శిల) పెద్ద స్ఫటికాలు.* నెల్లూరు షిస్ట్ బెల్ట్‌లో గార్నెట్, స్టారోలైట్, కయనైట్ చూడొచ్చు. గార్నెట్ ఎర్రగా, గుండ్రంగా, క్లీవేజ్ లేకుండా. స్టారోలైట్ గోధుమ రంగులో, అప్పుడప్పుడు రెండు స్ఫటికాలు ఒకదానిలోకి ఒకటి దూరి శిలువలా. కయనైట్ నీలి ఛాయతో పట్టీల్లా. కయనైట్‌ను నిలువునా గీకితే కాఠిన్యం 4.5–5, చాకుకు గాడి పడుతుంది. అడ్డంగా గీకితే 6.5–7, చాకు జారుతుంది. అందుకే ఒకే దిశలో గీకి ఊరుకున్నవాళ్లకు ఇది దొరకదు.

*చీమకుర్తి "గ్రానైట్".* బ్లాక్ గెలాక్సీ వ్యాపారంలో గ్రానైట్. జియాలజీలో గాబ్రో (ముదురు రంగు ముతక అగ్నిశిల) జాతి, ఇంకా కచ్చితంగా గాబ్రోనొరైట్. లెన్స్‌తో చూస్తే ప్లాజియోక్లేజ్, పైరాక్సిన్ కనిపిస్తాయి. బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే పైరాక్సిన్ మెరుపు. గ్రానైట్ అనాలంటే లేత రంగు ఖనిజాల్లో క్వార్ట్జ్ కనీసం 20 శాతం ఉండాలి, ఇక్కడ అంత ఉండదు. వైవాలో "వ్యాపార నామం, శిల నామం వేరు" అని మొదటే చెప్పేస్తే తర్వాతి రెండు ప్రశ్నలు రావు.

*పలక (స్లేట్), షేల్ (పొరల మట్టిరాయి), ఫిల్లైట్ (పలక ఇంకా మారితే వచ్చే రాయి).* మార్కాపురం పలక ముక్కను చేత్తో పట్టుకుని నాణెంతో తట్టండి. పలక ఖంగుమంటుంది, షేల్ దబ్బుమంటుంది. షేల్ మీద ఊపిరి ఊదితే మట్టి వాసన వస్తుంది. ఫిల్లైట్ ముఖం పట్టులా మెరుస్తుంది, తరచూ సన్నటి ముడతలు ఉంటాయి. అయితే మార్కాపురంలో అసలు పరీక్ష వేరు: పలక చీలే తలం, బురద పేరుకున్న పొర ఒకటే కానవసరం లేదు. పలక అంచున రంగు పట్టీలు వెతకండి, పొర దిశ చెప్పేవి అవి. చీలిక తలాన్ని కొలిచి "పొరల డిప్" (పొర వాలు) అని రాస్తే మొత్తం మ్యాపు తప్పవుతుంది. రెండూ కొలిచి, ఏది ఏదో విడివిడిగా రాయండి.

*క్వార్ట్‌జైట్, ఇసుకరాయి, పలుగు సిర.* వెలిగొండల క్వార్ట్‌జైట్‌ను పగలగొడితే చీలిక గింజల్ని కోసుకుంటూ పోతుంది. ఇసుకరాయిలో గింజల చుట్టూ తిరిగి పోతుంది, ముఖం గరుకుగా ఉంటుంది. పలుగు సిరలో గింజలే ఉండవు, పాల రంగులో ఒకే ముద్ద, చుట్టూ ఉన్న రాయిని కోసుకుంటూ దూరి ఉంటుంది.

తీరాన నల్ల ఇసుక చారలకు అయస్కాంతం వాడతారు. దాన్ని పాలిథీన్ కవరులో చుట్టి తిప్పండి, లేకపోతే అంటుకున్న మ్యాగ్నటైట్ వదలదు. ఎగిరి అంటేది మ్యాగ్నటైట్. ఇల్మనైట్‌కు బలమైన అయస్కాంతం కావాలి, గులాబీ రంగు గార్నెట్ గింజలు మామూలు అయస్కాంతానికి ఇసుకలోనే మిగిలిపోతాయి.

7. ఇప్పుడు రాయికి పేరు

మూడు ప్రశ్నలు, ఈ వరసలో:

1. గింజలు ఒకదానిలో ఒకటి బిగుసుకున్నాయా, మధ్యలో సిమెంటుతో అతుక్కున్నాయా, లేక ఒకే దిశలో పరుచుకున్నాయా? మొదటిదైతే ఎక్కువగా అగ్నిశిల, రెండోదైతే అవక్షేప శిల, మూడోదైతే రూపాంతర శిల. బిగుసుకున్న గింజల్లో క్వార్ట్‌జైట్, పాలరాయి కూడా వస్తాయి కాబట్టి ఏ ఖనిజాలో చూశాకే ఖాయం చేయండి.
2. గింజ పరిమాణం ఎంత? అగ్నిశిలల్లో 1 మి.మీ. లోపు సన్నం, 1–5 మధ్యరకం, 5 దాటితే ముతక. అవక్షేపాల్లో 2 మి.మీ. దాటితే గులకలు, 2 నుంచి 0.0625 దాకా ఇసుక, అంతకన్నా సన్నం సిల్ట్, బంకమన్ను.
3. ఏ ఖనిజం ఎంత శాతం?

శాతం దగ్గర కన్ను మోసం చేస్తుంది. నల్ల ఖనిజాల్ని అందరూ ఎక్కువగా అంచనా వేస్తారు. పారదర్శక షీటు మీద సెంటీమీటరు గళ్లు గీసి, నిలువు గీతలు 10, అడ్డగీతలు 10 కలిసే 100 బిందువుల కింద ఏ ఖనిజం ఉందో లెక్కపెట్టండి. ముతక రాయికి, పాలిష్ చేసిన పలకకు ఇది బాగా పనిచేస్తుంది.

8. స్ట్రైక్, డిప్

చదునైన, చేతికందే పొర ఎంచుకోండి. ముఖం ఎత్తుపల్లాలుగా ఉంటే నోట్‌బుక్ అట్టను దాని మీద ఆనించి, అట్ట మీద కొలవండి.

1. పొర మీద కొంచెం నీళ్లు పోయండి. నీరు జారే దారే డిప్ దిశ.
2. కంపాస్ అంచును పొరకు ఆనించి, క్లైనోమీటర్ సున్నా చూపే దాకా తిప్పండి. పొర మీద మట్టంగా ఉండే ఆ అడ్డగీత స్ట్రైక్. సుద్దతో గీయండి.
3. కంపాస్‌ను మట్టంగా పట్టుకుని ఆ గీత దిశ చదవండి.
4. గీతకు లంబంగా క్లైనోమీటర్ నిలిపి డిప్ కోణం చదవండి, డిప్ దిశనూ రాయండి.
5. స్ట్రైక్, డిప్ దిశల మధ్య 90 డిగ్రీలు రావాలి. రాకపోతే మళ్లీ కొలవండి.

ఒక్కో చోట కనీసం మూడు రీడింగులు. సుత్తి, ఫోన్ మీటరు దూరంలో, బైకు ఇంకా దూరంలో ఉండాలి. ఒంగోలు దగ్గర కొణిజేడు కొండల్లాంటి మ్యాగ్నటైట్ ఉన్న చోట కంపాస్‌ను అసలు నమ్మొద్దు. రాయి దగ్గరా, ఇరవై అడుగులు పక్కకు జరిగీ ఒకే దూరపు గుర్తుకు, గుడి గోపురానికో సెల్ టవరుకో, దిశ చదవండి. చెప్పుకోదగ్గ తేడా వస్తే ముల్లును రాయి లాగుతోంది. అక్కడ జీపీఎస్‌తో రెండు చివరల స్థానాలు తీసుకుని దిశ లెక్కగట్టాలి.

9. నోట్‌బుక్, నమూనా

నమూనా పిడికిలంత చాలు, సుమారు 10 × 8 × 4 సెం.మీ., ఒక వైపు పెంకు, మిగతా అంతా తాజా ముఖం. ప్రతి చోటా నమూనా తీసిన వెంటనే ఇవి పూర్తి చేయండి:

- నమూనా నంబరు, ఊరి పేరు, అక్షాంశ రేఖాంశాలు, తేదీ
- నేలకు అంటుకున్న శిలా, కుప్పలోదా, బావి మట్టిలోదా
- పెంకు రంగు, లోపలి రంగు
- చేసిన పరీక్ష, వచ్చిన ఫలితం. చేయని పరీక్ష ఖాళీగా వదలండి, ఊహించి నింపకండి
- పొర, చీలిక, పగుళ్ల రీడింగులు విడివిడిగా
- పేరు, పక్కనే ఎంత నమ్మకమో: ఖాయం, బహుశా, అనుమానం

నంబరు రాయి మీదే ఉండాలి. కరెక్షన్ ఫ్లూయిడ్ చుక్క పెట్టి, ఆరాక మార్కర్‌తో రాయండి. కాగితం చీటీ ఒక్కటే వేస్తే సంచిలో రాళ్లు ఒరుసుకుని చిరిగిపోతుంది. ఒక్కో నమూనాను దినపత్రికలో విడిగా చుట్టండి. అభ్రకం పుస్తకాల్ని రెండు అట్టల మధ్య పెట్టి రబ్బరు బ్యాండు వేయండి, రేకులు రాలవు.

సాంద్రత పరీక్ష ఆ రాత్రే చేసేయండి. ముందు రాళ్లను కడిగి, పూర్తిగా ఆరబెట్టాలి. తడి రాయి తూస్తే మొదటి బరువే తప్పు. మాగిన, గుల్లగా ఉన్న రాయి నీళ్లు పీలుస్తుంది. నీటిలో ముంచినప్పుడు బుడగలు ఆగకుండా వస్తుంటే ఆ అంకె పక్కన "గుల్ల రాయి" అని రాయండి, ఆ అంకెతో పేరు తేల్చకండి.